పాదం ఆనేంత దూరం

మొన్న చలికాలంలో ఒక సాయంత్రం, వర్షంలో, బ్రేకు మీద నుంచి నా కాలు జారింది. ముందున్న కారుకి జానెడు దూరంలో ఆగాను. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంటికొచ్చి వంగి చూస్తే క్లచ్ మీదా బ్రేకు మీదా ఉన్న రబ్బరు తొడుగులు గీతలన్నీ అరిగిపోయి, మా ఊరి రేవులో అడుగు మెట్టులా నున్నగా ఉన్నాయి. తప్పు నాదే. ముప్ఫై ఏళ్ళు దాటిన కారు. నూనె మార్పించాను, టైర్లు మార్పించాను. రోజూ తొక్కేదాన్ని మాత్రం ఒక్కసారీ తలవంచి చూడలేదు.

కారు 1994 నాటి మాజ్దా మియాటా. రెండే సీట్లు, తీసి వెనక్కి మడిచే గుడ్డ టాపు, చేత్తో మార్చే గేర్లు. 2019లో, నాకు యాభై నాలుగేళ్ళప్పుడు, అమ్మాయి చదువు పూర్తయ్యాక, నా జీతంతో, ఎవరినీ అడక్కుండా కొన్న మొదటి పెద్ద వస్తువు. ఇక్కడి తెలుగు వాళ్ళింట్లో భోజనాల దగ్గర ఒకాయన "ఈ వయసులో మీకు స్పోర్ట్స్ కారేంటండీ" అన్నాడు. ఆయన అదే ఏడు మోటార్ సైకిల్ కొన్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

రబ్బరు మార్చాలనగానే మా మేనల్లుడు ఉత్సాహపడ్డాడు. ఇక్కడే ఎమ్మెస్ చదువుతున్నాడు. కార్లంటే ప్రాణం. "అత్తా, పాత రబ్బరు ఎందుకు? అల్యూమినియంవి వేయిద్దాం, లుక్కే మారిపోతుంది" అన్నాడు. చిల్లులున్న తళతళలాడే పలకలు. అందం కోసమే కాదట. కుడికాలి ముందుభాగంతో బ్రేకు నొక్కుతూనే అదే పాదం అంచుతోనో మడమతోనో ఏక్సిలరేటరుని ఒక్కసారి తట్టాలి. ఇంజను వేగం పెరిగి కింది గేరు కుదుపు లేకుండా పడుతుంది. మలుపుల్లో రేసు డ్రైవర్లు చేసే పని. ఏక్సిలరేటరు పలక వెడల్పుగా ఉంటే అది సులువవుతుందని వాడి వాదన. వాడు చేసి చూపించాడు. బావుంది. తరవాత నేను కూచున్నాను. వాడి పాదం ఒకేసారి రెండు పెడళ్ళనీ కప్పేసింది. నా పాదం ఒకదాని మీద ఉంటే రెండోది పొరుగూరు.

అప్పుడు టేపు తీసుకుని నా పాదం కొలిచాను. ఎనిమిదిన్నర అంగుళాలు. అడుగంటే పన్నెండంగుళాలని బళ్ళో ఎక్కాలతోపాటు బట్టీపట్టాం కదా, అది ఎవరి అడుగో ఏనాడైనా అడిగామా?

టేపు చేతిలో ఉంది గనక ఇంకో కొలత కూడా తీశాను. క్లచ్ పూర్తిగా నొక్కడానికి సీటు చివరిదాకా ముందుకి లాక్కుంటాను. అలా కూచున్నప్పుడు నా రొమ్ము ఎముకకీ స్టీరింగు మధ్యభాగానికీ దూరం ఏడున్నర అంగుళాలు. కనీసం పది ఉండాలని అమెరికా రహదారి భద్రతా సంస్థ సలహా. ఎందుకంటే ఆ స్టీరింగు లోపల గాలిసంచి ఉంటుంది. గుద్దుకున్న క్షణంలో అది పేలినట్టు విచ్చుకుంటుంది. 1998కి ముందు కార్లలో వాటి బలాన్ని ఏ శరీరాన్ని బట్టి నిర్ణయించారో తెలుసా? బెల్టు పెట్టుకోని సగటు మగవాణ్ణి ఆపగలగాలన్న లెక్కని బట్టి. 1990కీ 2008కీ మధ్య, మామూలుగా బతికి బయటపడవలసిన చిన్న ప్రమాదాల్లో, గాలిసంచి తాకిడికే 290 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది పిల్లలు. స్టీరింగుకి దగ్గరగా కూచుని నడిపిన పొట్టి స్త్రీలు కూడా ఉన్నారు. 1997లో నిబంధన సడలించాకే బలం తగ్గించిన సంచులు వచ్చాయి. నా కారు 1994ది.

ఇన్నాళ్ళూ నేను ముందుకి జరిగి కూచోవడం నా చేతకానితనమనే అనుకున్నాను. "స్టీరింగుని కావలించుకుని నడుపుతావు" అని నవ్వేవారు ఇంట్లో. నేనూ నవ్వేదాన్ని.

నా ఎత్తు నాలుగడుగుల పదకొండంగుళాలు. ప్రమాద పరీక్షల కోసం చేసిన చిన్న ఆడబొమ్మ ఎత్తు కూడా సరిగ్గా అంతే. అమెరికా స్త్రీలలో నూటికి అయిదుగురు మాత్రమే అంతకంటే చిన్నవాళ్ళని లెక్క. 2011 మోడళ్ళ నుంచి ప్రభుత్వం రేటింగుల కోసం చేసే ఎదురుగుద్దుడు పరీక్షలో ఆ బొమ్మకి చోటిచ్చారు. ఎక్కడ? డ్రైవరు పక్క సీట్లో. స్టీరింగు ముందు మగబొమ్మే. అంటే ఆడమనిషి కార్లో ఉంటుందని ఒప్పుకున్నారు, నడుపుతుందని మాత్రం కాదు. 2019లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు బెల్టు పెట్టుకున్నవాళ్ళనే పోల్చి చూస్తే, ఎదురుగుద్దుడు ప్రమాదాల్లో తీవ్రంగా గాయపడే అవకాశం స్త్రీలకి 73 శాతం ఎక్కువని తేలింది.

మన దేశంలో స్త్రీల సగటు ఎత్తు 152 సెంటీమీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది. అంటే, ఇక్కడ నూటికి అయిదుగురిలో ఒకదాన్నయిన నేను కపిలేశ్వరపురం రేవులో బిందెతో నిలబడితే గుంపులో కలిసిపోతాను. పొట్టి నేనా, కొలబద్దా?

ఈ లెక్కలు చూస్తుంటే ఊళ్ళో చూసిన కాళ్ళన్నీ గుర్తొచ్చాయి. నా చిన్నప్పుడు, 1973లో, మా ఊళ్ళో శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల పెట్టారు. నా క్లాసులో చదివిన ఒకమ్మాయి బడి మానేసి అందులో చేరింది. గజ్జె కట్టి, చేత చిరతలు పట్టి, నిండు సభలో అడుగేస్తూ కథ చెప్పింది. "ఆడపిల్లవి, కాళ్ళు చప్పుడు కానివ్వకు" అని ఇంట్లో రోజూ తిట్లు తినే నాకు, కాలు చప్పుడు చేస్తే జనం తాళం వేసే చోటొకటి ఉందని అప్పుడే తెలిసింది. దగ్గర్లోనే అంగర. అక్కడ నేతగాళ్ళ ఇళ్ళల్లో గుంట మగ్గాలు. గుంటలోకి కాళ్ళు వేలాడేసుకుని కింద చెక్కలు తొక్కుతూ నేసేది, నేను చూసినంతలో, మగవాళ్ళే. ఆడవాళ్ళు పక్కన కూచుని కండెలు చుట్టేవాళ్ళు. ఆ పని లేకపోతే నేత ఒక్క బెత్తెడు సాగదు. అయినా చీర నేసింది ఎవరంటే గుంటలో కూచున్న మనిషి పేరే చెప్పేవారు.

మా అమ్మకి కుట్టుమిషను ఉండేది. నాన్నగారు కొన్నారు, దానితోపాటు ఒక మంచి టేకు కుర్చీ చేయించారు. ఆయన ఎత్తుకి. అమ్మ అందులో కూచుంటే కింద ఇనపపలక మీద వేళ్ళ చివర్లే ఆనేవి. రాత్రికి పిక్కలు పట్టేసేవి. ఒకరోజు నాన్నగారు రాజమండ్రి వెళ్ళినప్పుడు అమ్మ వడ్రంగిని పిలిపించి కుర్చీ కాళ్ళు రెండున్నర అంగుళాలు కోయించేసింది. నాన్నగారొచ్చి "బంగారంలాంటి కుర్చీ పాడుచేశావు" అని వారం రోజులు మాట్లాడలేదు. అమ్మ ఆ వారంలో ఆరు జాకెట్లు కుట్టింది.

నాకూ కావలసింది సరిగ్గా రెండున్నర అంగుళాలే. ఏడున్నర నుంచి పదికి. ఈ కార్లో స్టీరింగు ముందుకీ వెనక్కీ జరగదు. వీపు వెనక దిండు పెడితే మళ్ళీ స్టీరింగు దగ్గరికే వస్తాను. కాబట్టి పెడళ్ళే నా దగ్గరికి రావాలి. అలాంటి ఎత్తు దిమ్మలు అమ్ముతారు. కావలసిన మందం ఎంచుకోవచ్చు. పెడలుకి పట్టీతో బిగించేవి చవక, కానీ బ్రేకు మీద దిమ్మ పక్కకి తిరిగితే ఏమవుతుందో ఊహించుకుంటే చాలు. బోల్టులతో బిగించేవే ఎంచుకున్నాను, పైన గరుకు రబ్బరు ఉన్నవి. మూడింటికీ ఒకే మందం. లేకపోతే కాలు ఒకదాని మీంచి ఇంకోదాని మీదకి పోతూ తట్టుకుంటుంది. పెడలు పైకొస్తే మడమ గాల్లో ఉంటుంది గనక, కింద నేలకి కదలకుండా ఒక చెక్క. మెకానిక్ చేత వేయించి, ఖాళీ పార్కింగు స్థలంలో రెండు ఆదివారాలు తొక్కి తొక్కి చూశాకే రోడ్డెక్కాను.

బిగించిన రోజు మేనల్లుడు కూచుని చూశాడు. మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి. "అత్తా, ఇంక దీన్ని నేను నడపలేనుగా!" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు, నిజమైన ఆశ్చర్యం. తన కాళ్ళకి సరిపడని కారొకటి ఉండగలదని వాడికి ఇరవై మూడేళ్ళలో తట్టలేదు. "నాకు ముప్ఫై ఏళ్ళుగా అలాగే ఉందిరా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత దిగి, టేపు అడిగి తీసుకుని, వాళ్ళమ్మ నడిపే కారులో ఆవిడ ఎంత దూరంలో కూచుంటుందో కనుక్కోవడానికి ఇంటికి ఫోన్ చేశాడు.

నేనూ అమ్మకి ఫోన్ చేశాను. ఎనభై దాటింది, ఊళ్ళోనే ఉంటుంది. ఎయిర్‌బ్యాగులూ అంగుళాలూ అన్నీ ఓపిగ్గా వింది. "మరి సీటు కాళ్ళే కోయించకపోయావా?" అంది.

"కార్లో అలా కుదరదమ్మా. పెడళ్ళనే పైకి తెచ్చాను."

"ఇప్పుడు పాదం పూర్తిగా ఆనుతోందా?"

"ఆనుతోంది."

"అయితే సరే. జాగ్రత్తగా నడుపు" అంది.