అపైశునం: మూసిన లేఖ ముందు సాధకుని ధర్మం

శ్రీమద్భగవద్గీత షోడశాధ్యాయంలో దైవీసంపత్తును వర్ణిస్తూ భగవానుడు అహింస, సత్యం, అక్రోధం, త్యాగం, శాంతి అనే గుణాల తరువాత ‘అపైశునం’ అనే గుణాన్ని పేర్కొన్నాడు. ఒకరి రంధ్రాన్ని, అనగా లోపాన్ని, మరొకరి ఎదుట ప్రకటించడం పైశునమనీ, అది లేకపోవడమే అపైశునమనీ శంకర భగవత్పాదులు భాష్యం చెప్పారు. ఆ లోపం అసత్యమైతేనే పైశునమని ఆచార్యులు అనలేదు. ఉన్న లోపాన్ని చాటడం కూడా పైశునమే. అట్లయితే ఉన్నదో లేదో తెలియని లోపాన్ని, కంటితో చూడని కాగితాన్ని ఆధారం చేసుకొని, పదిమందిలో నిశ్చయంగా పలకడాన్ని ఏమనవలె? సంధ్యావందనం తప్పనివారు, నిత్యం గీతాపారాయణం చేసేవారు కూడా ఈ ప్రశ్నను తమకు సంబంధించినదిగా తలచరు. ఒక హత్యావార్త వెలువడగానే మనస్సు ఎంత వేగంగా న్యాయపీఠాన్ని అధిష్ఠిస్తుందో పరిశీలిస్తే, ఇది అందరికీ సంబంధించినదేనని తెలుస్తుంది.

దీనికి దృష్టాంతంగా అమెరికా దేశంలో జరిగిన ఒక అభియోగాన్ని పరిశీలించవచ్చు. ఫ్లోరిడా రాష్ట్రంలోని ఒర్లాండో నగరంలో 2008 జూన్ మాసంలో కేలీ ఆంథొనీ అనే బాలిక కనబడకుండా పోయింది. ఆ బిడ్డకు అప్పటికి మూడేళ్లు నిండలేదు. జూలై 15వ తేదీ వరకు ఆ సంగతి పోలీసులకు చేరలేదు. చేర్చినది తల్లి కాదు, అమ్మమ్మ. డిసెంబరు 11న ఇంటికి సమీపంలోని పొదలలో అస్థికలు లభించాయి. అది హత్యేనని వైద్యాధికారి నిర్ణయించినా, ఏ విధంగా సంభవించినదో నిర్ణయించడం సాధ్యం కాలేదు. తల్లి కేసీ ఆంథొనీపై హత్యాభియోగం మోపి, విచారణ జరిగేవరకు ఆమెను కారాగారంలో ఉంచారు.

ఫ్లోరిడా రాష్ట్రంలో ప్రభుత్వ పత్రాలు ప్రజలకు తెరచి ఉండవలెననే నియమం చాలా బలమైనది. ప్రాసిక్యూషన్ పక్షం నిందితుల న్యాయవాదులకు అందజేసే పత్రాలలో, చట్టం ప్రత్యేకంగా మినహాయించినవి తప్ప, మిగిలినవి ప్రజలకు కూడా లభిస్తాయి. అందువలన విచారణ ప్రారంభం కావడానికి చాలా ముందే వేల పుటలు లోకం చేతికి వచ్చాయి. ఆమె కారాగారం నుండి తోటి ఖైదీకి స్వహస్తంతో రాసిన లేఖలు, 250 పుటలకు పైగా, 2010 ఏప్రిల్ మాసంలో వెలువడ్డాయి. వాటిలో కుటుంబీకులను గురించి ఏమున్నదో ఇక్కడ ఉదహరించవలసిన పని లేదు. ఉదహరిస్తే ఈ వ్యాసం తన శీర్షికకే విరుద్ధమవుతుంది.

లోకం చేసే ఊహకు మూడు దశలున్నాయి. లేఖ చేతికి అందకముందు, అందులో ఏమున్నదోననే ఊహ. అందిన తరువాత, ఆ వాక్యం ఏ ఉద్దేశంతో రాసినదోననే ఊహ. అది కూడా తీరిన తరువాత, ఇంకా సీలు వేసి ఉంచిన పత్రాలలో దాగినదేమిటోననే ఊహ. మూసిన లేఖ తెరిచినంత మాత్రాన ఊహ ఉపశమించడం లేదు. మరొక మూసిన లేఖను వెతుక్కుంటున్నది. అగ్నిలో ఆజ్యం పోసినట్లు, సమాచారం చేరినకొద్దీ అది ప్రజ్వరిల్లుతున్నదే గాని చల్లారడం లేదు. జిజ్ఞాసకు, కుతూహలానికి భేదం ఇక్కడే ఉన్నది. జిజ్ఞాస సమాధానం లభించగానే శాంతిస్తుంది. కుతూహలానికి సమాధానంతో పని లేదు.

‘దాచిపెట్టారంటే ఏదో ఉన్నట్లే’ అనే మాట సర్వత్ర వినబడుతుంది. దీనిని న్యాయశాస్త్రరీతిలో నిలబెట్టి చూడవలె. ‘ఈ వ్యక్తి దోషి’ అనేది ప్రతిజ్ఞ. ‘పత్రాలు మూసి ఉంచబడినవి గనుక’ అనేది హేతువు. అప్పుడు ‘ఏవేవి మూయబడతాయో అవన్నీ దోషాన్ని దాచేవే’ అనే వ్యాప్తి సిద్ధించవలె. అది సిద్ధిస్తున్నదా? అగ్ని ఉన్నచోటనల్లా పొగ ఉంటుందని చెప్పేవానికి తార్కికులు ఎర్రగా కాలిన ఇనుపగుండును చూపుతారు. అక్కడ అగ్ని ఉన్నది, పొగ లేదు. ఆ విధంగానే దోషం లేనిచోట కూడా ముద్రలు కనబడుతూనే ఉన్నాయి.

ఆ రాష్ట్రంలోనే మృతదేహపరీక్షా చిత్రాలను ప్రజలకు అందకుండా కాపాడే చట్టం 2001లో వచ్చింది. డేల్ అర్న్‌హార్ట్ అనే ప్రఖ్యాత కారుపందేల వీరుడు మరణించిన తరువాత, ఆ కుటుంబం అనుభవిస్తున్న వేదనను గుర్తించి చేసిన చట్టమది. అక్కడ ముద్ర వేసినది దయ. గ్రాండ్ జ్యూరీ ఎదుట చెప్పిన సాక్ష్యం కూడా రహస్యంగానే ఉంటుంది. అక్కడ ముద్ర వేసినది సాక్షి పట్ల, ఇంకా అభియోగమే నిలువని వ్యక్తి పట్ల వహించిన జాగ్రత్త. న్యాయవాది నుండి ఖైదీకి వచ్చే లేఖను అతని సమక్షంలో, నిషిద్ధవస్తువుల కొరకు మాత్రమే విప్పి చూసే పద్ధతిని 1974లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం ఆమోదించింది. అందులోని అక్షరాలను చదవడం ఆ పద్ధతిలో భాగం కాదు. అక్కడ ముద్ర వేసినది రక్షణ పొందే హక్కు.

వీటన్నింటికంటె బలమైన దృష్టాంతం ఆ అభియోగంలోనే లభిస్తుంది. ఒర్లాండో పరిసరాలలో ఈ విషయమై అభిప్రాయం ఏర్పరచుకోని మనిషి దొరకడం దుర్లభమైనందున, జ్యూరీ సభ్యులను పినెల్లస్ కౌంటీ నుండి ఎంపిక చేసి తీసుకొనివచ్చారు. బాహ్యప్రపంచపు మాటలు చెవిన పడకుండా వారిని ఆరు వారాలపాటు విడిగా ఉంచారు. 2011 జూలై 5న వారు హత్యాభియోగం రుజువు కాలేదని తీర్పు చెప్పారు. అధికారులకు అసత్యం చెప్పిన నాలుగు అభియోగాలలో మాత్రమే దోషిగా నిర్ణయించారు. వాటిలో కూడా రెండింటిని 2013లో అప్పీలు న్యాయస్థానం తొలగించింది. తీర్పు విన్న లోకానికి ఆగ్రహం కలిగింది. ఆ ఆగ్రహాన్ని గమనించిన న్యాయమూర్తి బెల్విన్ పెర్రీ జ్యూరీ సభ్యుల పేర్లను అక్టోబరు వరకు బయటపెట్టరాదని ఆదేశించారు. ఇప్పుడు చెప్పవలె: ఆ పేర్లపై వేసిన ముద్ర ఎవరి దోషాన్ని దాచినది? ఏ పాపమూ చేయని పన్నెండుమంది పౌరులను కాపాడినది. ‘మూయబడినది గనుక దోషం’ అనే హేతువు అక్కడే వ్యభిచరించినది. వ్యభిచరించిన హేతువు హేత్వాభాసమే గాని హేతువు కాదు.

ఈ విషయంలో మన పురాతనులు మౌనంగా లేరు. మహాభారతం ఆదిపర్వంలో మాండవ్యమహర్షి వృత్తాంతం ఉన్నది. ఆయన ఆశ్రమద్వారం వద్ద చేతులు పైకెత్తి మౌనవ్రతంలో ఉండగా, దొంగలు అపహరించిన ధనంతో వచ్చి ఆశ్రమంలో దాగినారు. భటులు వచ్చి అడిగితే మహర్షి పలుకలేదు. వెతికితే దొంగలు, సొత్తు అక్కడే లభించారు. మౌనమే అంగీకారమని తలచి ఆయనను కూడా బంధించి తీసుకొనిపోయారు. రాజు శూలానికి ఎక్కించినాడు. ఈ కథలో భటులు అసత్యం పలుకలేదు. సొత్తు ఆశ్రమంలో ఉన్నమాట సత్యం. ముని సమాధానం చెప్పనిమాట సత్యం. ఆ రెండు సత్యాలను కలిపిన దారం మాత్రమే అసత్యం. ఆ దారం మీదనే ఒక తపస్వి శూలానికి ఎక్కవలసి వచ్చింది.

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఇదే మాండవ్యుని మరొక విధంగా స్మరించినాడు. అక్కడ ఆయన మౌనంగా ఉండలేదు. హింసకు భయపడి, దొంగ కాకపోయినా దొంగనని ఒప్పుకొన్నాడు. అందువలన సాక్ష్యం సంపూర్ణమైన తరువాతనే దండించవలెనని కౌటిల్యుని నిర్దేశం. ఒక సంప్రదాయంలో మౌనం అపార్థమైనది, మరొక సంప్రదాయంలో వాక్కే సత్యాన్ని తప్పినది. బంధనంలో ఉన్నవాని మౌనమూ, మాటా రెండూ స్వేచ్ఛగా ఉన్నవాని మౌనం, మాటల వంటివి కావు. కారాగారంలో రాసిన లేఖను చదివేవాడు ముందుగా తెలుసుకోవలసినది ఇదే.

లేఖను ప్రమాణంగా అంగీకరించని శాస్త్రం కాదు మనది. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయంలో లిఖితం, భుక్తి, సాక్షి అని ప్రమాణాలను చెబుతూ లిఖితానికి స్థానం ఇచ్చింది. అయితే సందేహం కలిగిన లిఖితాన్ని అదే వ్యక్తి స్వహస్తంతో రాసిన ఇతర పత్రాలతో సరిపోల్చి శోధించవలెనని కూడా చెప్పింది. అక్షరం ఎవరిదో తేలిన తరువాత అర్థాన్ని నిర్ణయించవలె. అర్థనిర్ణయానికి మీమాంసకులు ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం మొదలైన లింగాలను ఏర్పరచినారు. వేదవాక్యానికే ఆదిమధ్యాంతాలు చూడకుండా తాత్పర్యం చెప్పరాదని నిషేధం ఉండగా, 250 పుటల నుండి ఒక్క పంక్తిని తుంచి ఒక స్త్రీ హృదయాన్ని నిర్ణయించడం ఏ మీమాంస?

శబ్దప్రమాణానికి ఆప్తత్వం మూలం. యథార్థాన్ని తెలిసి, యథార్థంగా చెప్పేవాడు ఆప్తుడు. ‘ఆమె మాట నమ్మదగినది కాదు’ అనేవాడు, తన నిర్ణయానికి అనుకూలమైన వాక్యం ఆమె లేఖలో దొరకగానే దానిని వేదవాక్యంగా గ్రహిస్తాడు. ఆమె నిర్దోషి అనేవాడు మరొక వాక్యాన్ని అదే విధంగా గ్రహిస్తాడు. ఇద్దరూ లేఖను చదవడం లేదు. తమ మనస్సులను ఆ కాగితంపై రాసుకొని, తిరిగి తామే చదువుకొంటున్నారు.

లోకపు మాట న్యాయపీఠాన్ని కూడా తాకుతుంది. ఆ అభియోగాన్ని మొదట విచారించిన న్యాయమూర్తి స్టాన్ స్ట్రిక్‌లాండ్, దానిని గురించి అంతర్జాలంలో రాస్తున్న ఒక వ్యక్తితో సంభాషించినారని నిందితుల పక్షం ఆక్షేపించడంతో, 2010 ఏప్రిల్‌లో తప్పుకొన్నారు. ఎవరి మనస్సులోనూ దురుద్దేశం లేకపోయినా, సభ వెలుపలి వాక్కు సభలోనికి ప్రవేశించినదనే శంక చాలు, విచారణకే చలనం కలుగుతుంది.

ఇక్కడ ఒక పూర్వపక్షం న్యాయంగానే వస్తుంది. ‘ప్రజలు ప్రశ్నించకపోతే అధికారులు సత్యాన్ని దాచరా? రహస్యవిచారణ అధర్మానికి దారి తీయదా?’ తీస్తుంది. ధర్మసభ పదిమంది ఎరుకలో జరగవలసినదే. పత్రాన్ని ఎందుకు మూసినారో కారణం చెప్పమని అడగడం పౌరధర్మమే. పత్రాన్ని తెరవమని న్యాయస్థానంలో వాదించడం కూడా ధర్మమే. కాని ‘ఎందుకు మూసినారు’ అనే ప్రశ్న వేరు, ‘అందులో ఇదే ఉన్నది’ అనే నిశ్చయం వేరు. మొదటిది వాదం, దానికి తత్త్వనిర్ణయం ప్రయోజనం. రెండవది జల్పమైనా కావలె, వితండమైనా కావలె.

భక్తులలో మరొక రకం నిశ్చయం కనబడుతుంది. న్యాయస్థానం విడిచిపెట్టినా కర్మ విడిచిపెట్టదని కొందరు తృప్తితో పలుకుతారు. ఆ బిడ్డ ప్రారబ్ధం అంతేనని కొందరు నిట్టూరుస్తారు. కర్మఫలదాత ఈశ్వరుడు, ఆయన చేతిలోని దండాన్ని తన ఆగ్రహానికి అరువు తెచ్చుకొనే అధికారం జీవునికి లేదు. ప్రారబ్ధమనే మాటను తన దుఃఖాన్ని సహించడానికి వాడుకొన్నప్పుడు అది వివేకం. పరుల దుఃఖాన్ని కొట్టివేయడానికి వాడినప్పుడు అది కాఠిన్యం. చిత్రగుప్తుని వద్ద ఉన్న పత్రాలన్నీ మనకు ముద్రితాలే. వాటిలో మన పుటలు కూడా ఉన్నాయనే స్మరణ కలిగితే, పరుల పుటల మీద ఆసక్తి కొంత తగ్గుతుంది.

ఈ ఊహల వలన సాధకునికి కలిగే హాని ప్రత్యక్షమైనది. హత్యావార్తను చర్చించి జపానికి కూర్చొన్నవాని మనస్సులో మంత్రం నడుమ ఆ ముఖమే మెదులుతుంది. సప్తదశాధ్యాయంలో భగవానుడు ఉద్వేగం కలిగించని, సత్యమైన, ప్రియమైన, హితమైన వాక్కును, స్వాధ్యాయాన్ని ఒకే చోట వాఙ్మయతపస్సుగా చెప్పినాడు. స్వాధ్యాయం చేసే నాలుక, ఊహను ప్రచారం చేసే నాలుక రెండు కావు. ఒకదానితో చేసిన పుణ్యాన్ని మరొకదానితో వ్యయం చేయడానికి అక్కడ వేరు ఖాతాలు లేవు.

అన్నింటికంటె పెద్ద నష్టం మరొకటి ఉన్నది. లేఖలు, ఉద్దేశాలు, ముఖకవళికలు, న్యాయవాదుల వ్యూహాలు అంటూ లోకం మూడేళ్లు మాట్లాడింది. ఆ మాటల రాశిలో, ఆరు నెలలపాటు పొదలలో వానకూ ఎండకూ పడి ఉన్న ఒక పసిబిడ్డ ఎక్కడ ఉన్నది? ఆమె ఎట్లా మరణించినదో ఏ లేఖా చెప్పలేదు, ఏ తీర్పూ చెప్పలేదు. ఈ అజ్ఞానం బాధాకరమైనది. ఆ బాధను భరించలేకనే మనస్సు ఊహతో దానిని పూరించుకొంటుంది. భరించడం కూడా ఒక తపస్సే. తితిక్ష అంటే శీతోష్ణాలను సహించడం మాత్రమే కాదు, తెలియనిదానిని తెలియనిదిగా ఉండనివ్వడం కూడా.

గీతాశ్లోకంలో అపైశునం తరువాత వచ్చే పదం భూతదయ. ఆ క్రమం సార్థకమైనది. పరుల రంధ్రాలను వెతికే చూపు వెనుకకు మరలినప్పుడే దుఃఖితుల వైపు చూడడానికి అవకాశం కలుగుతుంది. కనుక ఇటువంటి ప్రసంగం ఎదురైనప్పుడు సాధకుడు చేయదగిన పని స్వల్పమే. తనకు ప్రత్యక్షంగా తెలిసినది ఎంత, విన్నది ఎంత, ఊహించినది ఎంత అని వేరుచేసి చూసుకోవలె. ఊహించినదానిని నోట పలుకరాదు. మరణించిన జీవునికి సద్గతిని, జీవించి ఉన్నవారికి సత్యబుద్ధిని ప్రసాదించమని ఈశ్వరుని ప్రార్థించి, విడిచిపెట్టిన జపాన్ని తిరిగి ప్రారంభించవలె.

ఇతి శివమ్.