రిజిస్టరులో లేని పేరు



మా ఇంట్లో ‘కాలవ తాత’ అని ఒక మాట ఉంది. మా నాన్నగారి తాతకు తండ్రి ఆయన. అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. ధాత కరువులో పెళ్లాం బిడ్డల్ని వెంటబెట్టుకొని కాలవ తవ్వకానికి పోయాడని, అక్కడే వాంతులు, విరేచనాలు పట్టుకొని రెండు రోజుల్లో చనిపోయాడని, ఆ కట్ట దగ్గరే పూడ్చిపెట్టారని చెప్పుకొంటారు. అప్పుడు నాలుగేళ్ల పిల్లవాడుగా తల్లి చంకనెక్కి తిరిగొచ్చిన వాడే నాన్నగారి తాత. ఆయన నోటి మాటగా నాన్నగారు చిన్నప్పుడు విన్నారు.

నాన్నగారు మంచం పట్టిన ఆఖరి నెలలో మమ్మల్నిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకొని ఒక్కటే అడిగారు: “ఆ పెద్దాయన్ని పెట్టిన చోటు ఎక్కడో కనుక్కోండయ్యా. ఒక రాయన్నా పాతండి. కుక్కకి తవ్వినట్టు తవ్వి పూడ్చారని మా తాత ఏడ్చేవాడు.” అట్లాగే నాన్నా అన్నాం. నాన్నగారి భూస్థాపన అయిన తరువాత ఆ మాట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

ప్రియులారా, ఆ కరువు సంగతి మన పిల్లలకు తెలియదు. 1876లో వానలు పోయాయి. మరుసటి ఏడూ సరిగా పడలేదు. అప్పుడు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ రెండేళ్లలో మన దక్షిణ దేశంలో యాభై లక్షలకు పైగా జనం చనిపోయారని లెక్కలు కట్టారు. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. 1877 జనవరిలో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి కూలి తగ్గించాడు. మగమనిషికి రోజంతా మట్టి మోస్తే ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఆ తిండితో మనిషి పని చేయలేడని మద్రాసులో డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు. కానీ అప్పటికే పోవాల్సిన ప్రాణాలు పోయాయి.

ఈ ఆలోచనకు వేరు ఇంగ్లాండులో ఉంది. 1834లో అక్కడ పేదల చట్టం ఒకటి చేశారు. దిక్కులేని వాళ్లు సాయం కావాలంటే వర్క్‌హౌసు అనే పనిసాలలో చేరాలి. లోపలి బతుకు బయటి కూలివాడి బతుకుకన్నా హీనంగా ఉండాలి, అప్పుడే సోమరులు రారని వాళ్ల లెక్క. అక్కడ చనిపోయిన వాడి శవాన్ని అడిగే వాళ్లు లేకపోతే, 1832 నాటి చట్టం ప్రకారం వైద్య విద్యార్థులు కోసి నేర్చుకోవడానికి ఇవ్వొచ్చు. తమ పేదల్ని అట్లా చూసిన వాళ్లు మన పేదల్ని ఇంకెట్లా చూస్తారు?

ఆ చీకట్లో దేవుడు కొందరిని నిలబెట్టాడు. ఒంగోలులో సేవ చేస్తున్న జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నారు. బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, పాకలు వేయించి, ఆకలితో వచ్చిన వాళ్లకు పని, కూలి, గౌరవం ఇచ్చారు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపారు. ఆ తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చంకలో బిడ్డతో తిరిగొచ్చిన మా ముత్తవ్వ కూడా ఆ రోజుల్లోనే ప్రభువును అంగీకరించిందని మా పెద్దల మాట.

ఆ ఆధారం పట్టుకొని బయలుదేరాం. ఒక పాత సంఘంలో అయ్యగారు ఇనప్పెట్టె తెరిచి పుస్తకాలు ముందు పెట్టారు. చెదలు తిన్నవి పోగా మిగిలిన వాటిలో అన్నిటికన్నా పాతది కూడా కరువు తరువాత చాలా ఏళ్లకు మొదలైంది. ఒక ఆఫీసులో మూడుసార్లు తిరిగితే, “పేరే తెలియని మనిషికి రికార్డు ఏంటండీ?” అని పంపేశారు. ఆ మాట గుచ్చుకుంది గానీ, అందులో తప్పేముంది?

చివరికి కాలవ దగ్గరికే పోయాం. ఇప్పుడది పూడిపోయి, సర్కారు తుమ్మ కమ్మేసి, అక్కడక్కడా నీటి మడుగులా ఉంది. ఒకవైపు రొయ్యల చెరువులు. కట్ట మీద వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన్ని అడిగాం. ఆయన చాలాసేపు మా ముఖాలు చూసి, “ఎక్కడని చూపించేది అయ్యగారూ? పోయినోళ్లని పోయిన చోటే పెట్టారంట. మేం ఈ కట్ట మీద చెప్పులేసుకొని నడవాలంటే ఒక్కోసారి మనసొప్పదు” అన్నాడు. 2004లో సునామీ వచ్చినప్పుడు నీళ్లు ఈ కాలవలో పడబట్టే వెనక పల్లెలు బతికాయని కూడా చెప్పాడు. ఆకలితో తవ్విన ఆ కాలవ నూట పాతికేళ్లకు ఎవరి బిడ్డల్నో కాపాడింది!

రాయి పాతడానికి చోటు లేదు. ద్వితీయోపదేశకాండము 34వ అధ్యాయం చదువుకున్నాం. అంత గొప్ప మోషే సమాధి ఎక్కడుందో ఏ మనిషికీ తెలియదు, దేవుడే ఆయనను పాతిపెట్టాడు. చదివి, ప్రార్థన చేసుకొని బస్సెక్కాం. మనసు కొంచెం తేలికైంది అనుకున్నాం.

సగం దూరం వచ్చాక మా ఇంటావిడ మెల్లగా అడిగింది: “ఏమండీ, గంపవ్వని పెట్టిన చోటు మనకి గుర్తుందా?”

ప్రియులారా, ఈ సంగతి దాచకుండా చెప్పాలి. మూడేళ్ల క్రితం పొగాకు పనికి ఎక్కడి నుంచో ఒక ముసలామె మా ఊరొచ్చింది. ఎప్పుడూ నెత్తిన గంప ఉండేది గనుక అందరూ గంపవ్వ అనేవారు. రాత్రుళ్లు చర్చి వరండాలో పడుకొనేది. ఆదివారం వెనక చాప మీద కూర్చొనేది. చలికాలంలో ఒక తెల్లవారుజామున లేవలేదు. మన సమాధుల తోటలో పెడదామని ఇద్దరు ఆడవాళ్లు అన్నారు. పెద్దలు సభ్యుల రిజిస్టరు తెరిచారు. ఆమె పేరు లేదు. ఉన్నదే చిన్న స్థలం, ఒకరికిస్తే అందరూ అడుగుతారని మాటలొచ్చాయి. రిజిస్టరు మూసి, “నిబంధన నిబంధనే” అన్నది మేమే. వాగు ఒడ్డున పూడ్చారు. మేము ప్రార్థన చేసి, మధ్యాహ్నం ఒక పెళ్లిచూపులకు వెళ్లిపోయాం.

బస్సులో ఆ తరువాత ఇద్దరం మాట్లాడుకోలేదు. మా తాత పేరు రాయని వాళ్ల మీద ఇంత బాధ పెట్టుకొని తిరిగాం. పేరు రాసే పుస్తకం మా చేతిలో ఉన్నప్పుడు మేము చేసింది అదే గదా!

ఆ ఆదివారం సంఘం ముందు ఒప్పుకున్నాం. ఆరాధన తరువాత, ఆ రోజు గుంట తవ్విన తమ్ముణ్ణి తీసుకొని వాగు దగ్గరికి పోయాం. వరదలకు మట్టి చదునైపోయింది. ఒక తాటిచెట్టు గుర్తుతో ఆ తమ్ముడు చోటు చూపించాడు. నాన్నగారి కోరిక కోసం కొని ఉంచిన కడప బండ అక్కడ పాతాం. దాని మీద ‘గంపవ్వ’ అని, కింద ‘కాలవ తాత’ అని చెక్కించాం. ఇద్దరికీ ఒకటే రాయి. దిక్కులేక మా ఊళ్లో కన్నుమూసిన ఎవరికైనా తోటలో చోటివ్వాలని సంఘంలో తీర్మానం పెట్టాం. “స్థలం చాలదు గదా అయ్యగారూ” అని ఒక పెద్దాయన ఇంకా అంటూనే ఉన్నారు. ఆయన చెప్పిందీ నిజమే. అరెకరం కోసం వెతుకుతున్నాం. ప్రార్థించండి.

అబ్రాహాము పరదేశిగా ఉండి, భార్యను పాతిపెట్టుకోవడానికి నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చి మక్పేలా పొలం కొన్నాడు. కొనలేని వాళ్ల సంగతి ఎవరు చూడాలి? మీ ఊళ్లో కూడా ఊరవతల ఒక గుర్తులేని గుంట ఉండే ఉంటుంది. ఈ వారం వెళ్లి చూడండి. ఆ మనిషిని ఏమని పిలిచేవారో పెద్దవాళ్లను అడిగి రాసిపెట్టండి.

ప్రభువా, మా పుస్తకాల్లో లేని వారిని నీవు మరచిపోలేదు. మా కఠినత్వాన్ని క్షమించుము. ఆమెన్.