దోషములు 0

నాచారం పారిశ్రామికవాడలోని యొక కర్మాగారమున, ప్రతిరాత్రియు గోదాములోని సరుకు లెక్కలను కూడి, తెల్లవారునప్పటికి తెరమీద "పని పూర్తి అయినది, దోషములు 0" అని చూపు పాత ప్రోగ్రాము ఒకటి కలదు. వ్రాసినవారు ఉద్యోగములు మారి వెడలిపోగా, వెనుక వచ్చినవారు తలకొక షరతును చేర్చిపోగా, ఆ కోడు తుదకు ఉప్పల్‌లోని మా కార్యాలయమునకు చేరినది. ఒకనాడు సరుకు ఫైలే రాకున్నను తెర "దోషములు 0" అనియే పలికెను. దానిని నమ్మి గుమాస్తా లేని సరుకును లారీలకు కేటాయించెను.

సందేశములోని మాటలు మార్చినంత మాత్రమున ఇది తీరునది కాదు. లోపలి ఫంక్షను ఫైలు తెరువలేక -1 తిరిగి పంపుచున్నది. దానిని పిలిచిన ఫంక్షను ఆ విలువను చూడకయే విడిచిపెట్టుచున్నది. దోషములను లెక్కించు వేరియబులో, ఫైలు తెరచుకొనిన పిమ్మట గాని కదలదు. వెదకి దోషము కానకుండుట వేరు, వెదకకయే పోవుట వేరు. 1961లో స్థాపితమై ఉప్పల్ రోడ్డున నున్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి చోట్ల భూకంపలేఖిని గీతలను చదువువారికి, నేల నిశ్చలముగా నున్నదా, యంత్రమే ఆగినదా యని తేల్చుకొనుట మొదటి పని కదా!

ఈ వ్యాధి మా కోడునకే పరిమితము కాదు. లినక్సులోని ఫ్రీ అను ఆజ్ఞ, ఫైళ్లకై కెర్నెలు తాత్కాలికముగా వాడుకొను మెమరీని సైతము ఖర్చుపద్దున వేసి చూపుచుండగా, యంత్రము నిండిపోయినదని ఎందరో భ్రమపడిరి. 2014లో వెలువడిన 3.14 కెర్నెలు, ఎంత మెమరీ అందుబాటులో నున్నదో తానే అంచనా కట్టి చెప్ప మొదలిడిన పిదప, ఫ్రీ దానిని ప్రత్యేకముగా ఒక నిలువు వరుసలో చూపసాగెను. నిజమెరిగిన చోటనే నిజము పలికించిరి.

మేమును అదే త్రోవ పట్టితిమి. పాత ప్రోగ్రాము ఇచ్చిన జవాబులను ముందుగా దాచుకొని, ప్రతి మార్పు పిదప డిఫ్‌తో సరిచూచుకొనుచు, వెనుకటివారు చేర్చిన షరతుల ఫ్లాగులను ఒకదాని వెంట నొకటి తొలగించి, లెక్కనో, లెక్క రాకపోవుటకు కారణమునో తెలుపు బాధ్యత నంతయు ఒక్క ఫంక్షనుకే అప్పగించితిమి. కారణమే వచ్చినచో "సరుకు ఫైలు రాలేదు, లెక్క చూడలేదు" అను సందేశము స్టాండర్డ్ ఎర్రరునకు పోవును, ప్రోగ్రాము 1తో ముగియును. షెల్లునకు 0 అనగా విజయము. ఇప్పుడు దానిని చూచియే కేటాయింపు ఆజ్ఞ కదలును గనుక, నా దృష్టిలో తెరమీది మాటల కంటె ఈ అంకె సత్యమగుట ముఖ్యము.

మార్చి 31 రాత్రికై ఎవరో వ్రాసిన షరతును మాత్రము తీసివేయ మనసొప్పలేదు. ఆరా తీయగా, సంవత్సరాంతపు లెక్కలకై ఆ రాత్రి ఫైలు రెండు మారులు వచ్చుననియు, రెండవదియే ప్రమాణమనియు తెలియవచ్చినది; దానిని యథాతథముగా నిలిపి, పైన ఆ కారణమును వ్రాసియుంచితిమి.