నాలుగు కూడా బేసి సంఖ్యేనట!

మా అమ్మాయి ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. సంక్రాంతికి ఇంటికొచ్చిన రెండోరోజే ‘నాన్నా, ఈ సీ లాంగ్వేజ్ నా వల్ల కాదు. మానేస్తా’ అంది. నా గుండె జారిపోయింది. 1999లో అమీర్‌పేటలో మూడు వారాలు సీ నేర్చుకుని, సరిగ్గా ఆ మాటే చెప్పి ఊరికొచ్చేసినవాణ్ని నేను.

ఇంతకీ సంగతేంటంటే, ఇచ్చిన సంఖ్య సరో బేసో చెప్పే ప్రోగ్రాం రాసింది. నాలుగిచ్చినా బేసి అంటోంది, వందిచ్చినా బేసే. ల్యాబ్‌లో అందరూ నవ్వారట. నాది మూడు వారాల చదువు కదా, ముందు సెమీకోలన్లు లెక్కపెట్టా. అన్నీ ఉన్నాయి!

తను రాసిన లైను: ఇఫ్ (ఎన్ & 1 == 0). కంప్యూటర్ ఏ సంఖ్యనైనా ఒకట్లు, సున్నాలతోనే రాసుకుంటుంది. చివర సున్నా ఉంటే సరి, ఒకటి ఉంటే బేసి. ‘& 1’ ఆ చివరి అంకెని పట్టిస్తుంది. ఆలోచన భేషుగ్గా ఉంది. మరి?

‘కాసేపు నువ్వే కంప్యూటర్‌వి అనుకో’ అని కాగితం ఇచ్చా. పుస్తకంలో గుర్తుల వరస చూస్తూ లెక్క చేసింది. కూడిక కన్నా గుణకారం ముందు చేసినట్టే, సీలో & కన్నా == ముందు. అంటే మొదట ‘ఒకటీ సున్నా సమానమా?’ అని చూస్తోంది. కాదు కాబట్టి సున్నా. ఏ సంఖ్యకైనా సున్నాతో & చేస్తే వచ్చేదీ సున్నాయే. సున్నా అంటే సీలో ‘కాదు’ అని. ఇంకేముంది, లోకంలో సరిసంఖ్యలే లేకుండా పోయాయి! ‘ఎన్ & 1’ చుట్టూ బ్రాకెట్లు పెట్టింది. నాలుగు సరిసంఖ్య అయింది.

‘అసలలా ఎందుకు పెట్టారు?’ అని నిలదీసింది. వెతికితే దొరికింది. సీకి ముందున్న ‘బి’ భాష నుంచి వచ్చిన వరస అది. 1970ల మొదట్లో && గుర్తు కొత్తగా చేర్చినా, అప్పటికే రాసిన ప్రోగ్రాంలు పాడవకూడదని & ని పాతచోటే ఉంచేశారట. మార్చి ఉంటేనే బాగుండేదనిపిస్తోందని సీ సృష్టికర్త డెన్నిస్ రిచీయే 1993లో రాశారు. అది చదివాక పిల్ల మొహం తేటపడింది.

సాయంత్రం అటక మీంచి నా పాత నోటుపుస్తకం దింపా. ఆఖరి ప్రోగ్రాం మూడు సబ్జెక్టుల సగటు. మార్కులు 60, 70, 80. నాకొచ్చిన జవాబు 156.

‘చివరి ఎనభైనే మూడుతో భాగించావు నాన్నా, బ్రాకెట్లేవీ?’ అంది మా అమ్మాయి.