రేస్ తీసుకోని బండి

వదినా, మీ చిన్నోని కారు రేస్ తీసుకోవడం లేదని దిగులు పెట్టుకున్నావంట కదా? పెడల్ మార్చల్ల, డబ్బులు చూసుకోండని ఎవరో చెప్పినారంట. తొందరపడొద్దు. ఇట్ల గోడ దగ్గరికి రా, చెప్తా. డబ్బు తీసే ముందు తప్పు యాడుందో తేల్చుకోవల్ల.

మొదట ఒక్కటి అడుగు వాణ్ని. తొక్కితే ఇంజిన్ మోత పెరుగుతోందా, లేదా? మోత పెరిగి బండి మాత్రం ముందుకు పోకుంటే అది క్లచ్ ప్లేట్ల సంగతి, పెడల్ జోలికే పోవద్దు. మోత కూడా పెరగకుంటేనే రేస్ సంగతి.

పాత మారుతి 800లో పెడల్ నుంచి ఇంజిన్ దాకా ఇనుప తీగ ఉండేది, రేస్ వైరు. తొక్కితే అది థ్రాటిల్ రెక్కను లాగేది, గాలి లోపలికి పోయేది. వైరు తెగితే పెడల్ వదులై పడిపోయేది, కాలికే తెలిసిపోయేది. ఇప్పటి కార్లలో ఆ తీగ లేదు. 1980ల చివర్లో బీఎండబ్ల్యూ పెద్ద కార్లలో వచ్చిన పద్ధతి ఇప్పుడు మన చిన్న కార్లలోకీ వచ్చేసింది. కాలు ఎంత తొక్కిందో పెడల్‌లోని సెన్సర్లు కరెంటు రూపంలో చెప్తాయి, రెక్కను ఎంత తెరవాలో ఈసీయూ అనే కంప్యూటర్ తేలుస్తాది.

ఆ సెన్సర్లు రెండుంటాయి వదినా. పంచాయతీలో ఇద్దరు సాక్షులూ ఒకే మాట చెప్తేనే నమ్మినట్టు, ఈసీయూ ఆ రెండింటినీ సరిచూసుకుంటాది. పొంతన కుదరకపోతే ఏది నిజమో దానికి తెలీదు. బండి ఉన్నట్టుండి దూకకూడదని రేస్ తగ్గించేసి, చెక్ ఇంజిన్ లైటు వెలిగిస్తాది. దాన్నే లింప్ మోడ్ అంటారు. బండి మనోళ్లను కాపాడడానికే అట్ల చేస్తాది.

ఇంటి దగ్గరే చూసుకోవాల్సినవి కొన్నున్నాయి. కాళ్ల కింది మ్యాట్ జరిగి పెడల్‌కు అడ్డం పడిందేమో చూడమను. అది చిన్న సంగతి కాదు. మ్యాట్‌లో పెడల్ ఇరుక్కుపోతోందని, పెడల్ బిగుసుకుపోతోందని 2009, 2010లలో టొయోటా లక్షల కార్లను వెనక్కి పిలిపించింది. ఎలక్ట్రానిక్స్‌లో లోపముందా అని అమెరికా ప్రభుత్వం నాసా ఇంజినీర్లతో కూడా వెతికించింది. బండిని దానంతట అదే అంత జోరుగా ఉరికించే లోపం దొరకలేదని 2011లో తేల్చినారు.

తర్వాత నువ్వే బండి వెనకాల నిలబడు. బ్రేకు తొక్కకుండానే ఎర్ర లైటు వెలుగుతోందా? వెలిగితే బ్రేకు స్విచ్చి చెడినట్టు. బ్రేకు మీద కాలుందనుకొని కొన్ని బండ్లు రేస్ తగ్గించేస్తాయి.

బానెట్ కూడా ఎత్తి చూడమను. మన పక్క ఇంట్లో పత్తో, శనక్కాయలో ఉంటే ఎలకలు చేరతాయి. నాలుగు రోజులు కదలని బండిలో వైర్లు కొరికేస్తాయి. తాళం ఆఫ్ చేసి, పెడల్ పైనుండే కప్లర్ ఊడదీసి, పచ్చగా చిలుము పట్టిందేమో చూసి, మళ్లీ టక్కుమనేదాకా నొక్కమను.

ఇవన్నీ బాగుంటే ఆదోనికో ఎమ్మిగనూరుకో పోయి స్కానర్ పెట్టించండి. స్టీరింగ్ కింద దాని సాకెట్ ఉంటాది. పీ2138 అని వస్తే పెడల్ సెన్సర్ల పొంతన తప్పినట్టు, పీ2135 వస్తే థ్రాటిల్ సెన్సర్లది. అయితే పీ2138 వచ్చినంత మాత్రాన పెడల్ చెడినట్టు కాదు వదినా. కొరికిన వైరు, వదులైన కప్లర్, సరిగ్గా అందని ఎర్త్, వీటికీ అదే కోడ్ వస్తాది. మీటరు పెట్టి పెడల్‌కు 5 ఓల్టులు అందుతున్నాయేమో చూడల్ల. మెల్లగా తొక్కుతుంటే సెన్సర్ల అంకెలు ఎగరకుండా సాఫీగా మారల్ల. కరెంటు, ఎర్త్, వైర్లు బాగుండి అంకెలు ఎగిరితే అప్పుడు పెడల్ మార్చొచ్చు.

పెట్రోల్ బండికి థ్రాటిల్ లోపల కార్బన్ పట్టినా రేస్ అందదు. దాన్ని కడిగిస్తే చాలు. తాళం ఆన్‌లో ఉండగా ఆ రెక్కలో వేలు పెట్టొద్దని చెప్పు, మోటరు టక్కున మూసేస్తాది. డీజిల్ బండైతే డీజిల్ ఫిల్టర్, టర్బో పైపు కూడా చూపించండి.

దారిలో రేస్ పోతే ఏం చేయల్లో కూడా మీవోనికి చెప్పు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి, మంత్రాలయానికి బండ్లు బారులు తీరతాయి. నాలుగు ఇండికేటర్లూ వేసి, జోరుండగానే ఎడమకు తీసి ఆపల్ల. బండి కదులుతుండగా తాళం తిప్పకూడదు, స్టీరింగ్, బ్రేకు రెండూ బరువెక్కుతాయి. ఆగినాక ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే రేస్ తిరిగి రావచ్చు. వచ్చిందని అట్లే తిరగొద్దు, లోపం యాడికీ పోదు.

మీ చిన్నోన్ని షెడ్డుకు పొమ్మను. కోడ్ నంబరు కాగితం మీద రాయించుకోమను. వైరు, కప్లర్ తన ముందరే చూడమని అడగమను. అవి చూడకుండా పెడల్ మారుస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దండి.