మదనపల్లె నుంచి కుప్పం దాకా

ఎంత ఎండాకాలమైనా మదనపల్లెలో బస్సు దిగేసరికి ఒంటికి కాస్త చల్లగాలి తగులుతుంది. ఈ గాలిని నమ్ముకునే, క్షయకు సరైన మందు లేని రోజుల్లో, 1912లో, పలు క్రైస్తవ మిషన్లు చేతులు కలిపి ఇక్కడ శానటోరియం పెట్టాయి. అదే ఆరోగ్యవరం. ఒక్కరు మోయలేని ఖర్చును పదిమందీ పంచుకున్నారన్నమాట. ఆ సంగతి ఈ ప్రయాణంలో నాకు పదేపదే గుర్తుకు వచ్చింది.

పుంగనూరు బస్సులో నా పక్కన ఒక కుర్రవాడు కూర్చున్నాడు. డ్రైవరు పనికి కువైట్ వెళుతున్నాడట. పదో తరగతి తప్పినవాడు గనుక, ప్రవాసీ భారతీయ బీమా తీసుకోనిదే ప్రభుత్వం అనుమతి ఇవ్వదు. 2003లో వచ్చిన పథకమది. 2017లో సవరించిన ప్రకారం, ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా 10 లక్షలు. రెండేళ్ళకు ప్రీమియం 275 రూపాయలు, పన్ను అదనం.

"జిరాక్సు మా అమ్మ చేతికిచ్చినాను సార్" అన్నాడు.

పుంగనూరు పేరు చెబితే అందరికీ పొట్టి ఆవులు గుర్తుకు వస్తాయి. నాకు మాత్రం మా బావ పంతం గుర్తుకు వస్తుంది. కూతురి పురుటికని అక్కా బావా అమెరికా వెళుతున్నారు. పచ్చళ్ళు కాటా వేసి మరీ పెట్టెలు సర్దుతున్నారు.

"బీమా తీసుకున్నావా, బావా?"

"నాకు పింఛనుదారుల హెల్త్ కార్డు ఉంది గదప్పా!"

"అది అక్కడ చెల్లదు."

"వీసా ఇచ్చినోళ్ళే అడగలేదు. నీకెందుకు?"

అదీ నిజమే. ఐరోపాలోని షెంగెన్ దేశాలకు వెళ్ళాలంటే వీసా కోసం కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. చూడవచ్చేవాళ్ళను అమెరికా ఆ మాట అడగదు. అడగనిది అక్కరలేదనుకోవడం మనకు అలవాటు.

మర్నాడు బావ వాళ్ళ అక్కగారికి చెప్పి రావడానికి ముగ్గురం పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం వెళ్ళాం. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసేచోటు. అంగట్లో తెలుగులో ధర అడిగితే తమిళంలో జవాబు వస్తుంది. బేరం మాత్రం ఆగదు.

పక్కింటి పెద్దాయన చేతికర్రతో వచ్చి కూర్చున్నాడు. అమెరికాలో కొడుకు ఇంట్లో స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాడట. అత్యవసరంగా వచ్చిన రోగిని డబ్బు లేదని తిప్పి పంపరాదని అక్కడ 1986 నుంచి చట్టం ఉంది. పంపలేదు కూడా. తరువాత బిల్లులు వచ్చాయి. అంబులెన్సుకు వేరు, మత్తుమందు డాక్టరుకు వేరు, ఆపరేషనుకు వేరు. ఈయన చవకలో వచ్చిన పాలసీ కొన్నాడు. అందులో ఒక్కొక్క చికిత్సకు ఇంతేనని హద్దు. మిగతాది కొడుకు ఇప్పటికీ వాయిదాల్లో కడుతున్నాడు.

"కాలు బాగైంది. వాడితో ఫోనులో మాట్లాడాలంటేనే మొగం చెల్లడం లేదు" అన్నాడాయన. కాసేపాగి, "మీకు షుగరుందా?" అని బావనడిగాడు.

"కొంచెం."

"కొంచెమా! పదేళ్ళ నుంచీ ఉంది. అమ్మాయికి చెప్పొద్దని నా నోరు నొక్కిపెట్టినారు" అంది అక్క.

"ఫారంలో రాయండి. దాస్తే రేపు పైసా ఇవ్వరు. రాసినా, పాత జబ్బును చాలా పాలసీలు కలుపుకోవు. అది హఠాత్తుగా ముదిరితే ఇచ్చేవీ కొన్ని ఉన్నాయి. వెదికి, షరతులు చదివి, విమానం ఎక్కకముందే కొనండి. మొదట మన చేతినుంచి ఎంత పెట్టుకోవాలో అదీ చూసుకోండి."

బావ మారు మాట్లాడలేదు. ఆ పెద్దాయన చేతికర్రనే చూస్తూ కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణంలో పలమనేరులో టీకి దిగాం. చక్కెర లేని టీ అడిగాడు బావ, నేను చూస్తుండగా మొదటిసారి. సగం తాగి, ఫోను తీశాడు.

"అమ్మాయ్, లేచినావా? నీకొక సంగతి చెప్పలేదమ్మా..." అంటూ అంగడి వెనక్కి నడిచాడు.

డ్రైవరు హారను కొడుతున్నాడు. "ఒక్క నిమిషం, నాయనా" అని మా అక్క బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి నిలబడింది.