పీఎస్ ఇచ్చిన వరుసల్లోంచి వంశవృక్షం



పైపుల మీద రాసిన ఉత్తరం చదివాక మీలో కొందరు అడిగారు: ప్రాసెస్‌లను చెట్టుగా చూపే పీఎస్‌ట్రీ లేని యూనిక్స్ మెషీన్‌లో ఏ ప్రాసెస్ ఎవరి బిడ్డో తెలుసుకునేదెలా అని. లినక్స్‌లో ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే పీఎస్‌కే ఫారెస్ట్ ఆప్షన్ ఉంది. సొలారిస్‌లో పీట్రీ, ఏఐఎక్స్‌లో ప్రాక్‌ట్రీ ఉన్నాయి. మ్యాక్‌లో మాత్రం పీఎస్‌ట్రీని విడిగా వేసుకోవాల్సిందే. షెల్, ఆక్ అన్నిచోట్లా దొరుకుతాయి కాబట్టి మన చెట్టు మనమే గీసుకుందాం.

కావలసిన సమాచారం చాలా తక్కువ. ప్రతి ప్రాసెస్‌కీ పీఐడీ అనే సొంత నంబరుతో పాటు, తల్లి నంబరు పీపీఐడీ కూడా ఉంటుంది. పీఎస్‌కి మైనస్ ఏ (పెద్ద అక్షరం), మైనస్ ఓ ఆప్షన్లిచ్చి ఈ రెండిటినీ, కమాండ్ పేరునూ తెప్పించండి. ఇవి పోసిక్స్ ప్రమాణంలో ఉన్న ఆప్షన్లే.

పీఎస్‌ని ఒక్కసారే పిలవండి. ఒక్కో తల్లి దగ్గరా ఆగి, పిల్లల కోసం మళ్ళీ పీఎస్, గ్రెప్ నడిపితే ఆలస్యం సరే, ఈలోగా కొన్ని ప్రాసెస్‌లు పోయి కొన్ని పుడతాయి. అప్పుడు మీరు గీసే చెట్టు ఏ క్షణానిదీ కాదు. వచ్చిన వరుసలన్నీ ఆక్ అర్రేల్లో దాచుకోండి: ఒకదానిలో పేర్లు, ఇంకోదానిలో తల్లి నంబరు కింద పిల్లల నంబర్లు. చివర్లో ఒక ఫంక్షన్ తగినన్ని ఖాళీలు వదిలి పేరు అచ్చువేసి, ఒక్కో బిడ్డ కోసం తనను తానే పిలుచుకోవాలి.

చిక్కంతా ఆ ఫంక్షన్‌లోనే ఉంది. ఆక్‌లో వేరియబుల్స్ మామూలుగా గ్లోబల్. లూప్ లెక్కపెట్టే వేరియబుల్‌ని అలాగే వదిలేస్తే, లోపలి పిలుపు దాన్ని మార్చేస్తుంది. తిరిగొచ్చేసరికి మిగతా తోబుట్టువులు మాయమవుతారు. అందుకే దాన్ని ఫంక్షన్ పారామీటర్ల చివర అదనంగా చేర్చాలి. లోకల్ చేసుకోవడానికి ఆక్‌లో ఉన్న దారి అదే. ఇంకో మాట: 1977 నాటి ఆక్‌లో సొంత ఫంక్షన్లు రాసుకునే వీలే లేదు, 1985లో వచ్చింది. పాత సొలారిస్‌లో ఆక్ అంటే ఆ పాతదే పలుకుతుంది, కాబట్టి అక్కడ కొత్త ఆక్‌ని, అంటే ఎన్ఆక్‌ని పిలవండి.

మొదలు ఎక్కడ? లినక్స్‌లో 1వ నంబరుకీ, కెర్నల్ థ్రెడ్ల తల్లి అయిన 2కీ పీపీఐడీ సున్నాయే. సున్నా నుంచి దిగితే రెండూ వస్తాయి. కానీ సొలారిస్‌లో స్కెడ్ అనే ప్రాసెస్ నంబరు సున్నా, దాని తల్లి నంబరూ సున్నాయే. తనకు తనే బిడ్డ కాబట్టి ఫంక్షన్‌కి అంతుండదు. రెండు నంబర్లూ ఒకటైన వరుసను పిల్లల అర్రేలో చేర్చకండి.

చెట్టును చదివేటప్పుడు ఒక జాగ్రత్త. తల్లి ముందే పోతే బిడ్డ సాధారణంగా 1వ నంబరుకి, అంటే ఇనిట్‌కి, దత్తత వెళ్తుంది. కాబట్టి ఇనిట్ కింద కనిపించిన డెమన్‌ను ఇనిట్టే నడిపిందని అనుకోవద్దు. జాంబీ సంగతి వేరు. పక్కన డిఫంక్ట్ అని కనిపించే ఆ ప్రాసెస్‌ను కిల్‌తో తీయలేరు, అది ముందే చచ్చింది. తల్లి వెయిట్ పిలిచి దాని ఫలితం అందుకోకపోవడంతో పట్టికలో మిగిలింది. సరిచేయాల్సింది తల్లి ప్రోగ్రామ్‌ను. ఆ తల్లి చెట్టులో సరిగ్గా ఒక మెట్టు పైనే ఉంటుంది.

రాసి, నడిపి చూడండి. మీ షెల్ కింద మీ స్క్రిప్టూ, దాని కింద పీఎస్సూ కనిపిస్తే లెక్క కుదిరినట్టే. ఏ సిస్టమ్‌లో ఎక్కడ తేడా వచ్చిందో నాకు రాయండి. వచ్చే ఉత్తరంలో సిగ్నళ్ళ గురించి మాట్లాడుకుందాం.

ఉంటాను,
మీ ఉత్తరాల మిత్రుడు